వీధుల అలంకరణ, మనుషుల తొలగింపు: హైదరాబాదు రోడ్ల చరిత్రపై ఒక దళిత పరిశీలన

హైదరాబాదు చరిత్ర పుస్తకం ఏది తెరిచినా వీధుల కథ ఒకే తీరుగా నడుస్తుంది. 1591లో మహమ్మద్ కులీ కుతుబ్‌షా చార్మినార్ కట్టించాడు, నాలుగు దిక్కులా బజార్లు వేయించాడు. ఏడో నిజాం రోడ్లు వెడల్పు చేయించాడు. తర్వాత వచ్చిన ప్రభుత్వాలు చార్మినార్ చుట్టూ గ్రానైటు పరిపించాయి. కట్టించాడు, చేయించాడు, పరిపించాయి. కట్టించినవాడు ఒకడుంటే కట్టినవాడు ఇంకొకడు ఉండాలి గదా! ఆ ఇంకొకడి సంగతి ఏ పుస్తకంలోనూ రెండు వాక్యాలకు మించి ఉండదు.

చేయించినవాళ్ల పేర్లు శిలాఫలకాల మీద ఉన్నాయి. చేసినవాళ్ల జాడ పేటల పేర్లలో మాత్రమే మిగిలింది. పాతబస్తీలో కామాటిపుర ఉంది. కామాటి అంటే కట్టుబడి పనీ కూలిపనీ చేసుకునే మనిషి. బొంబాయిలోనూ ఒక కామాటిపుర ఉంది. నిజాం రాజ్యంలోని తెలుగు జిల్లాల నుంచి పొట్ట చేతబట్టుకుని పోయిన కామాటీల వల్లనే దానికా పేరు. పల్లకీలు మోసిన బోయీల పేరు బోయిగూడలో ఉంది. రాయి కొట్టిన వడ్డెరలు, మట్టి మోసిన పాలమూరు కూలీలు, వీధి ఊడ్చిన మాల మాదిగలు, మలం ఎత్తిన మెహతర్లు, వీళ్లందరి చేతులూ పడకుండా ఈ నగరంలో ఒక్క గజం రోడ్డు కూడా లేదు.

ఈ వ్యాసంలో మేము చెప్పదలచుకున్నది ఒక్కటే. మన నగరాల్లో వీధిని బాగుచేయడం అంటే వందేళ్లుగా వీధిలోంచి కొందరు మనుషుల్ని తీసేయడం అనే అర్థంలోనే జరుగుతూ వచ్చింది. రాళ్లు పరిచినందువల్ల ఏ వీధీ అందరిదీ కాలేదు. నడవడానికి, నిలబడడానికి, మాట్లాడడానికి అంటరానివాళ్లు పోరాడినందువల్లే కొంత అయింది. ఈ రెండు చరిత్రలనూ విడివిడిగా రాస్తున్నారు. కలిపి చదవాలని మా ప్రతిపాదన.

నడిచే హక్కు

ఊళ్లో వీధి ఎన్నడూ అందరిదీ కాదు. బ్రాహ్మణ వీధి, కోమటి వీధి అనే పేర్లే ఆ మాట చెబుతాయి. మాలపల్లె, మాదిగగూడెం ఊరికి బయట. ఊరి నడుమ నుంచి పోవాల్సి వస్తే చెప్పులు చేతబట్టుకుని పోవాలి. ఇది ఏ కాగితం మీదా రాసిలేని చట్టం. రాసిలేదు కనుకనే దాన్ని రద్దుచేయడం అంత కష్టమైంది.

రాతలోకి ఈ సంగతి 1920లలో వచ్చింది. ప్రభుత్వ డబ్బుతో నడిచే చెరువులు, బావులు, బడులు, ధర్మశాలలు అంటరానివాళ్లకు తెరవాలని 1923 ఆగస్టులో బొంబాయి శాసనమండలిలో ఎస్.కె. బోలే తీర్మానం పెట్టి నెగ్గించాడు. 1924 మార్చి 30న తిరువాన్కూరు సంస్థానంలోని వైకోంలో సత్యాగ్రహం మొదలైంది. ఆ పోరాటం గుడిలోకి పోవడానికని చాలామంది అనుకుంటారు. కాదు, గుడి చుట్టూ ఉన్న రోడ్ల మీద నడవడానికి. ఆ ఏడే ఆగస్టులో మద్రాసు శాసనమండలిలో రెట్టమలై శ్రీనివాసన్ ఒక తీర్మానం తెచ్చాడు. ఏ ఊళ్లోనైనా, ఏ పట్నంలోనైనా పబ్లిక్ రోడ్డు మీద ఏ కులంవాడైనా నడవవచ్చునని దాని సారాంశం. సెప్టెంబరులో ప్రభుత్వ ఉత్తర్వు కూడా వెలువడింది. ఆంధ్ర జిల్లాలు అప్పుడు మద్రాసు కిందనే ఉండేవి కాబట్టి అది మన ఊళ్లకూ వర్తించింది, కాగితం మీద.

కాగితానికీ కాలికీ ఉన్న దూరం ఎంతో 1927లో మహాడ్ చూపించింది. చౌదార్ చెరువును తెరుస్తున్నామని అక్కడి మునిసిపాలిటీ 1924లోనే తీర్మానించింది. 3 ఏళ్ల తర్వాత, 1927 మార్చి 20న, అంబేడ్కర్ వెంట వేలమంది పోయి నీళ్లు తాగితే గాని ఆ తీర్మానానికి ప్రాణం రాలేదు. తాగినందుకు దెబ్బలూ తిన్నారు. ఈ అనుభవాల నుంచే రాజ్యాంగంలో 15వ అధికరణం రెండో భాగం వచ్చిందని మనం గుర్తుపెట్టుకోవాలి. దుకాణాలు, హోటళ్లు, బావులు, చెరువులు, స్నానఘట్టాలతో పాటు రోడ్లనూ అది పేరుపెట్టి చెబుతుంది. ప్రజల డబ్బుతో నడిచే రోడ్డు మీద కులం పేరుతో ఎవరినీ ఆపకూడదు. "రోడ్లు" అనే ఆ చిన్నమాట వెనక ఎంతమంది కాళ్లు ఉన్నాయో!

రాజ్యాంగం వచ్చాక కూడా ఆ తగాదా తీరలేదు. 1985లో కారంచేడు చెరువు నీళ్ల దగ్గర మొదలైంది. 1991లో చుండూరు సినిమా హాల్లో కాలు తగలడం దగ్గర మొదలైంది. రెండూ పబ్లిక్ స్థలాలే. రెండుచోట్లా దళితులు ప్రాణాలతో మూల్యం చెల్లించారు.

మూసీ వరద, అలంకరణ శాఖ

ఇప్పుడు హైదరాబాదుకు వద్దాం. బొంబాయి, మద్రాసు తీర్మానాలు నిజాం రాజ్యానికి వర్తించవు. ఇక్కడి కథ ఇంకో దారిన నడిచింది.

1908 సెప్టెంబరు 28న మూసీ పొంగింది. సుమారు 15,000 మంది చనిపోయారని అంచనా. నది ఒడ్డు పేటలు కొట్టుకుపోయాయి. ఒడ్డున ఎవరుంటారు? ఎత్తు మీద జాగా దొరకనివాళ్లు ఉంటారు. మరుసటి ఏడు మోక్షగుండం విశ్వేశ్వరయ్యను పిలిపించారు. ఆయన సలహా మీద 1920లో ఉస్మాన్‌సాగర్, 1927లో హిమాయత్‌సాగర్ పూర్తయ్యాయి. 1912లో సిటీ ఇంప్రూవ్‌మెంట్ బోర్డు ఏర్పడింది.

ఇట్లాంటి సంస్థలకు దారి చూపించింది బొంబాయి. 1896లో అక్కడ ప్లేగు వచ్చింది. 1898లో ఇంప్రూవ్‌మెంట్ ట్రస్టు పెట్టారు. ఇరుకు పేటలను కోసి వెడల్పు రోడ్లు వేస్తే సముద్రపు గాలి ఆడుతుందని, రోగం పోతుందని వాళ్ల లెక్క. గాలికి దారి దొరికింది, ఇళ్లు పోయినవాళ్లు పక్క పేటల్లో ఇంకా ఇరుకుగా కుక్కుకున్నారు. తర్వాత ట్రస్టే కార్మికులకు చాళ్లు కట్టింది. పరేల్‌లోని అట్లాంటి ఒక చాలులోనే అంబేడ్కర్ కుటుంబం 1912 నుంచి ఇరవై ఏళ్లకు పైగా ఉంది. ప్లేగు పేరుతో గాలి మాట్లాడినవాళ్లు, ఒక్కో గదిలో ఒక్కో కుటుంబాన్ని పెట్టారు.

హైదరాబాదు బోర్డుకు ఉర్దూలో ఉన్న పేరు ఆరాయిష్-ఎ-బల్దా. ఆరాయిష్ అంటే అలంకరణ. బల్దా అంటే నగరం. (మనోళ్లు మునిసిపాలిటీని ఇప్పటికీ బల్దియా అనే అంటారు.) అభివృద్ధి అన్న ఇంగ్లీషు పేరు కన్నా ఈ ఉర్దూ పేరే నిజం చెప్పింది. ఆ బోర్డు చేసిన పనిలో మేలు లేదని మేము అనడం లేదు. ఇరుకు పేటల్లో వెలుతురు వచ్చింది, మల్లేపల్లి లాంటి చోట్ల కొత్త ఇళ్లు కట్టారు, మురుగునీటికి దారి దొరికింది. అఫ్జల్‌గంజ్ వైపు నుంచి చార్మినార్ దాకా పోయే రోడ్డు వెడల్పయింది. దాని పొడుగునా రాతి కమాన్లతో పత్తర్‌గట్టి దుకాణాలు లేచాయి. 1935లో మొజంజాహీ మార్కెట్ వచ్చింది. దానికి పేరిచ్చిన మొజంజా యువరాజు ఆ బోర్డుకు అధ్యక్షుడిగా ఉన్నవాడే.

అయితే పత్తర్‌గట్టిని చూసే కళ్లకు ఒక సంగతి కనబడదు. రోడ్డు వెడల్పయిందంటే ఆ వెడల్పులో ముందు ఎవరో ఉండి ఉండాలి. రోడ్డుకు ఎదురుగా కనబడే ముఖం ఒక్కతీరుగా, అందంగా ఉండాలన్నది నియమం. బండి పెట్టుకునేవాడు, గంప దించుకునేది, చెప్పులు కుట్టేవాడు ఆ ముఖానికి మచ్చ. పేదల పేటకు "మురికివాడ" అని పేరుపెట్టింది ఈ కాలమే. ఆ మాటతో మురికి ఒక పరిస్థితి కాకుండా పోయి, ఆ మనుషుల గుణం అయిపోయింది. కులం చేసే పని కూడా సరిగ్గా ఇదే గదా. ఊరి మురికి ఎత్తినవాణ్నే మురికి మనిషి అంటుంది.

ఇదే నగరంలో, ఇదే ఏళ్లలో, ఇంకో రకం బాగుచేత జరుగుతూ ఉంది. 1906లో భాగ్యరెడ్డి వర్మ జగన్మిత్ర మండలి పెట్టాడు. 1911లో అది మన్య సంఘం అయింది. 1910లో ఇసామియా బజార్‌లో, లింగంపల్లిలో మొదలైన బడులు తర్వాత 26 దాకా పెరిగాయి. తాగుడు మానాలని, ఆడపిల్లల్ని జోగినులు చేయొద్దని వాడవాడకూ తిరిగి చెప్పారు. 1917లో బెజవాడ సభలో "పంచములు" అన్న పేరు తీసేసి "ఆది ఆంధ్రులు" అనుకున్నారు. 1931 జనాభా లెక్కల్లో నిజాం ప్రభుత్వం మనవాళ్లను ఆది హిందువులుగా రాసింది. బోర్డు వీధి ముఖాన్ని బాగుచేస్తుంటే, వీళ్లు ఆ వీధి వెనక ఉన్న మనిషిని బాగుచేసుకుంటున్నారు. నగరాభివృద్ధి చరిత్రల్లో మొదటిదే ఉంటుంది. రెండోది కావాలంటే పి.ఆర్. వెంకటస్వామి 1955లో ఇంగ్లీషులో రాసిన "అవర్ స్ట్రగుల్ ఫర్ ఇమాన్సిపేషన్" చదవాలి. హైదరాబాదు దళిత ఉద్యమాన్ని లోపలి మనిషి రాసిన పుస్తకం అది. నగర ప్రణాళిక చదివే విద్యార్థులకు దాన్ని పాఠంగా పెట్టాలని మా కోరిక.

వెనక సందు

ఆ కాలపు పట్టణ ప్రణాళికల్లో ఇళ్ల వరసల వెనక ఒక సన్న సందు వదిలేవాళ్లు. ముందు వాకిలి యజమానికి, చుట్టాలకు. వెనక సందు పాకీ మనిషికి. దొడ్డి వెనక చిన్న తలుపు తీసి, మలం గంపలోకి ఎత్తుకుని, ఎవరి కంటా పడకుండా పోవాలి. ఆరోగ్యం కోసమని, శుభ్రత కోసమని ఇంజనీర్లు గీసిన పటం అది. ఆ పటంలో కులం ఇటుకల్లో కట్టబడింది. పల్లెలో వాడ ఊరి బయట ఉంది. పట్నంలో స్థలం లేదు కాబట్టి ఇంటి వెనక్కు వచ్చింది.

భూమి లోపల మురుగుగొట్టాలు వేశాక గంప పోతుందని అనుకున్నారు. గంప చాలావరకు పోయింది. మనిషి పోలేదు. వెనక సందులోంచి మ్యాన్‌హోల్‌లోకి దిగాడు. పని మారింది, పనివాడి కులం మారలేదు. ఎందుకు మారలేదు అని అడిగితే, "వాళ్లకు అలవాటు" అని జవాబు వస్తుంది. ఊపిరాడని గుంతలోకి దిగడం ఎవరికైనా అలవాటవుతుందా?

చట్టాల సంగతి చూడండి. చేతులతో మలం ఎత్తించడాన్ని నిషేధిస్తూ 1993లో ఒక చట్టం వచ్చింది. అది చాలక 2013లో ఇంకొకటి వచ్చింది. సఫాయి కర్మచారి ఆందోళన్ 2003లో వేసిన కేసు మీద సుప్రీంకోర్టు 2014 మార్చి 27న తీర్పిచ్చింది. 1993 నుంచి మురుగుకాలవల్లో చనిపోయిన ప్రతి ఒక్కరి కుటుంబానికీ 10 లక్షలు ఇవ్వమంది. 2023 అక్టోబరులో ఆ పరిహారాన్ని 30 లక్షలు చేసింది. చావు ఖరీదు పెరిగింది. చావు ఆగలేదు.

ఒక చౌరస్తాను కోట్లు పెట్టి బాగుచేస్తున్నామని ప్రకటించినప్పుడు, దాని కింద పోయే గొట్టాన్ని శుభ్రం చేయడానికి యంత్రం కొన్నారా లేదా అని ఎవరైనా అడిగారా? పైన పరిచే రాయికి టెండరు ఉంటుంది. కింద దిగే మనిషికి గుర్తింపు కార్డు కూడా ఉండదు.

గ్రానైటు కాలం

చార్మినార్ చుట్టూ బండ్లు తిరగకుండా చేసి, నడిచేవాళ్లకు వదిలేయాలన్న ఆలోచన 1990ల చివర్లో మొదలైంది. రెండు దశాబ్దాల పాటు నడిచింది. 2017లో కేంద్రం స్వచ్ఛ భారత్ కింద రెండో విడతలో ఎంపిక చేసిన 10 ప్రసిద్ధ స్థలాల్లో చార్మినార్ ఉంది. పొగకు మసిబారిన సున్నపు గోడలను కాపాడాలంటే వాహనాలను దూరం పెట్టాల్సిందే. దాన్ని మేము కాదనం. నడిచేవాడికి రోడ్డు ఇవ్వడం మంచిపని. నడిచేవాళ్లలో మనవాళ్లే ఎక్కువ.

అయితే పథకాల కాగితాల్లో నడిచేవాడు అంటే చూడవచ్చినవాడు. గాజుల బండి, పండ్ల బండి, పాత బట్టల మూట పెట్టుకుని అక్కడే పొద్దంతా నిలబడేవాళ్లు ఆ లెక్కలోకి రారు. వాళ్లు "అడ్డం". వీళ్లలో ముస్లిం పేదలు ఎక్కువ, పక్కన దళితులూ వెనకబడిన కులాలవాళ్లూ ఉన్నారు. 2014 వీధి వ్యాపారుల చట్టం ఏం చెబుతున్నది? ముందు సర్వే చేయాలి, సర్వే అయ్యేదాకా ఎవరినీ తీసేయకూడదు. వ్యాపార కమిటీలో 40 శాతం వ్యాపారులే ఉండాలి. వాళ్లలో మూడోవంతు ఆడవాళ్లు ఉండాలి. దళితులకు, ఆదివాసులకు, మైనారిటీలకు చోటు ఉండాలి. బండి గుంజుకుపోయే లారీ వచ్చినప్పుడు ఈ చట్టం చేతిలో ఉన్న వ్యాపారి ఎంతమంది?

ఇంకో సంగతి. కొత్త రాయి పరిచాక ఊడ్పు తగ్గదు, పెరుగుతుంది. నల్లరాయి మీద చిన్న కాగితం ముక్క కూడా కనబడుతుంది. తెల్లారకముందే వచ్చి ఊడ్చేవాళ్లలో ఎక్కువమంది దళిత స్త్రీలు. 1990ల నుంచి ఈ పనిని కాంట్రాక్టర్లకు అప్పగిస్తూ వచ్చారు. పర్మినెంటు ఉద్యోగం అన్నది తాతల నాటి మాటయింది. 2015 జూలైలో హైదరాబాదు పారిశుధ్య కార్మికులు సమ్మె చేస్తే నగరం కొద్దిరోజుల్లోనే కంపుకొట్టింది. అప్పుడు గాని వాళ్ల జీతం 8,500 నుంచి 12,500 కాలేదు. సమ్మె తర్వాత వందలమందిని పనిలోంచి తీసేశారు కూడా. వీధి మెరుస్తున్నదంటే దాని వెనక ఒక జీతం పట్టీ ఉంది. ఆ పట్టీని చరిత్ర ఆధారంగా చూడడం మనం నేర్చుకోవాలి.

1908లో వరద ఎక్కడి పేదల్ని తీసుకుపోయిందో, అదే మూసీ ఒడ్డున 2024 సెప్టెంబరు, అక్టోబరు నెలల్లో ఇళ్ల మీద ఎర్రరంగుతో గుర్తులు వేశారు. నది ఒడ్డును సుందరంగా చేసే పథకం అది. చాదర్‌ఘాట్ దగ్గరి శంకర్‌నగర్ లాంటి బస్తీల్లో ఇళ్లు కూల్చారు. కొందరికి రెండు గదుల ఇళ్లు ఇచ్చారు. ఇల్లు ఇవ్వడం మంచిదే. కాని బస్తీ అంటే ఇల్లొక్కటే కాదు. పనికి పోయే దారి, పిల్లల బడి, అప్పిచ్చే కిరాణా కొట్టు, చావుకు వచ్చే నలుగురు, ఇవన్నీ కలిస్తే బస్తీ. అలంకరణ శాఖ నాడు వేసిన లెక్కలో ఇవి లేవు. నేటి లెక్కలోనూ లేవు.

చౌరస్తాలో ఎవరు నిలబడాలి

చౌరస్తా అంటే నాలుగు రోడ్లు కలిసే చోటు మాత్రమే కాదు. ఎవరి బొమ్మ అక్కడ నిలబడితే ఊరు వాళ్లదని అర్థం. అందుకే మన వాడల్లో పిల్లలు చందాలు వేసుకుని మరీ చౌరస్తాలో అంబేడ్కర్ విగ్రహం పెడతారు. అందుకే రాత్రిపూట ఆ విగ్రహాల చేతులు విరుగుతాయి.

2019 ఏప్రిల్‌లో, అంబేడ్కర్ జయంతికి సరిగ్గా ముందు, పంజాగుట్ట చౌరస్తాలో యువకులు పెట్టిన విగ్రహాన్ని అనుమతి లేదని నగరపాలక సిబ్బంది తీసేశారు. అది జవహర్‌నగర్ చెత్త డంపు దాకా పోయింది. ఆ వార్త విని రాష్ట్రమంతా భగ్గుమంది. అనుమతి సంగతి పక్కన పెడదాం. తీసిన విగ్రహాన్ని చెత్తకుప్పకు చేర్చాలని ఎవరి చేతికి తోచింది? వందేళ్ల అలవాటు ఆ లారీని నడిపింది. 4 ఏళ్ల తర్వాత, 2023 ఏప్రిల్ 14న, అదే నగరంలో హుస్సేన్‌సాగర్ పక్కన 125 అడుగుల అంబేడ్కర్ విగ్రహాన్ని ప్రభుత్వమే ఆవిష్కరించింది. మనకు గర్వమే. కాని ఆ పెద్ద విగ్రహం పాదాల చుట్టూ ఊడ్చే అమ్మ జీతం, ఆమె ఉద్యోగ భద్రత ఆ ఎత్తుకు తగినట్టు పెరిగిందా అని అడిగే హక్కు కూడా మనకుంది. ఆయన నేర్పిన ప్రశ్నే అది.

మనం చేయాల్సింది

ఏ పేటలోనైనా రోడ్డు, చౌరస్తా బాగుచేస్తామని ఎవరు వచ్చినా కార్యకర్తలు 4 ప్రశ్నలు అడగాలి. ఈ జాగాలో ఇప్పుడు బతుకుతున్నవాళ్ల జాబితా ఏది? వ్యాపార కమిటీ కూర్చుందా, అందులో మనవాళ్లు ఎందరు? కింద మురుగుగొట్టంలోకి దిగేది యంత్రమా, మనిషా? పని అయ్యాక దీన్ని ఊడ్చేవాళ్లు ఎవరి కింద, ఏ జీతానికి పనిచేస్తారు? ఈ 4 ప్రశ్నలకు జవాబు లేని పథకం ఎంత అందమైనదైనా అది ఆరాయిష్ మాత్రమే.

ఉపాధ్యాయులకు, విద్యార్థులకు ఇంకో పని ఉంది. ప్రతి బస్తీలో డెబ్భై, ఎనభై ఏళ్ల పెద్దలున్నారు. ఏ రోడ్డుకు ఏ గుట్ట నుంచి బండ వచ్చింది, ఎవరు కొట్టారు, ఏ సందులోంచి గంప పోయేది, ఏ హోటల్లో తమకు గ్లాసు విడిగా పెట్టేవాళ్లు, ఏ మైదానంలో మొదటి సభ జరిగింది, ఇవన్నీ వాళ్ల నోట్లో ఉన్నాయి. ఆ నోరు మూతపడితే ఏ ఆర్కైవులోనూ దొరకవు. సెలవుల్లో ఒక్కో విద్యార్థి ఒక్కో సందు చరిత్ర రాసినా చాలు. సందు పేరు, ఆ పేరు ఎట్లా వచ్చింది, అక్కడ ముందు ఎవరుండేవాళ్లు, ఎప్పుడు పోయారు, ఎక్కడికి పోయారు. తారీఖు తెలిస్తే తారీఖు వేయండి, తెలియకపోతే "మూసీ గోడ కట్టినప్పుడు", "పోలీసు యాక్షన్ ఏడు" అని వాళ్లు చెప్పినట్టే రాయండి. చేయించినవాళ్ల చరిత్ర నిండుగా ఉంది. చేసినవాళ్లది రాయడం మొదలుపెడదాం.